తూకం వేసేవానికి కూలి ఎవరిస్తున్నారు?

సాఫ్ట్‌వేరు కొనేవారికి నేడు విశ్లేషకుల మాటే వేదవాక్కు. గార్ట్‌నర్ సంస్థ నాలుగు గడులు గీసి కంపెనీలను వాటిలో సర్దుతుంది. దాని పేరు మేజిక్ క్వాడ్రంట్. ప్రభుత్వ టెండర్లలో సైతం ‘పై కుడి గడిలో ఉన్నవారే రావలెను’ అనే షరతు కనిపిస్తూంటుంది. అంటే మన పన్నుల సొమ్ము ఎవరికి చేరాలో ఆ గడి నిర్ణయిస్తోందన్నమాట. ఆ సంస్థకు చందాలు కట్టేవారిలో కొనేవారితో పాటు అమ్మేవారూ ఉన్నారు. డబ్బుకూ తీర్పుకూ సంబంధం లేదని సంస్థ అంటుంది. కావచ్చు. నా సందేహమల్లా ఒకటే: ఆ తీర్పును సరిచూసుకునే దారేది?

మా సీమలోనూ తీర్పరులున్నారు. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టులో రీలరు గూళ్లను చేతబట్టి చూసి వేలం పాడతాడు. అంచనా తప్పితే నష్టం అతనిదే. ధర్మవరం చీరకు వేసే సిల్క్‌మార్క్ 2004లో కేంద్ర పట్టు మండలి అండతో వచ్చింది. దానికి రుసుము కట్టేది అమ్మేవాడే. అయినా అనుమానమొస్తే ఒక పోగు లాగి కాల్చి చూడవచ్చు. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలుగుతుంది. పెనుకొండ దగ్గర కియా కర్మాగారంలో 2019 నుండి సెల్టోస్ కార్లు తయారవుతున్నాయి. 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఆ కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టించి, అయిదింటికి మూడు నక్షత్రాలే ఇచ్చింది. ఆ ఢీకొట్టడాన్నీ, వచ్చిన మార్కులనూ లోకానికి చూపించింది.

నష్టభయం, పరీక్షకు వీలు, బహిరంగ లెక్క. ఈ మూడింటిలో మేజిక్ క్వాడ్రంట్‌కు ఏదుంది? ప్రమాణాలు చెబుతారు గానీ కంపెనీవారీ మార్కులు చెప్పరు. 2009లో జెడ్ఎల్ టెక్నాలజీస్ అనే కంపెనీ తనకు అన్యాయం జరిగిందని అమెరికా కోర్టుకెక్కితే, అవి కేవలం అభిప్రాయాలని గార్ట్‌నర్ వాదించింది. కోర్టు దావాను కొట్టివేసింది. చట్టరీత్యా సరే. అమ్మేటప్పుడు పరిశోధన, నిలదీసినప్పుడు అభిప్రాయం!

బయటివారి మెచ్చుకోలు విలువెంతో తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు. 2008లో సత్యం కంప్యూటర్స్‌కు సుపరిపాలనకుగాను గోల్డెన్ పీకాక్ పురస్కారం వచ్చింది. నాలుగు నెలలు తిరగకముందే, 2009 జనవరి 7న, ఖాతాల్లో చూపిన 5,040 కోట్ల రూపాయల నగదు లేనేలేదని రామలింగరాజు స్వయంగా ఒప్పుకున్నారు.

విశ్లేషకులందరూ అమ్ముడుపోయారని నేననను. వారి నివేదికలు చదవవచ్చు, ఉపయోగమూ ఉంది. అభిప్రాయాన్ని అభిప్రాయంగానే చదవాలి. దాన్ని టెండరు షరతుగా మార్చితే మాత్రం, అందులో పేరెక్కని మన చిన్న కంపెనీ పోటీకి ముందే ఓడిపోతుంది. పోగు కాల్చి చూడనివ్వని దుకాణంలో పట్టుచీర కొంటామా?