ముందు చెప్పండి, తర్వాత విమానం ఎక్కండి

గత వేసవిలో పన్నెండు వారాల ఇంటర్న్‌షిప్ కోసం జర్మనీలోని డ్రెస్డెన్ వెళ్ళాను. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో లోపలికి వెళ్ళేముందు అందరి అమ్మల్లాగే మా అమ్మా "పాస్‌పోర్ట్ ఉందా? చార్జర్ పెట్టుకున్నావా?" అని అడిగింది. ఆఖర్న నన్ను పక్కకి లాగి, గొంతు తగ్గించి, "ఆ సంగతి మాత్రం అక్కడ ఎవరికీ చెప్పకు తల్లీ" అంది.

ఆ సంగతి పేరు టైప్ 1 డయాబెటిస్. నాకు పదో తరగతిలో వచ్చింది. స్వీట్లు ఎక్కువ తిన్నందుకు వచ్చేది కాదు. ఇన్సులిన్ తయారుచేసే కణాలను మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున చంపేస్తుంది. ఇక ఆ ఇన్సులిన్ బయటినుంచి ఎక్కించుకోవాల్సిందే, రోజూ, బతికినంత కాలం. ఇంత చెప్పినా చుట్టాలు మాత్రం "ఈ వయసులో షుగరేంటే!" అంటారు. ఆ వెంటనే అమ్మ ముఖం చిన్నబోతుంది. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏమవుతుందోనన్నది ఆవిడ భయం. అందుకే మా ఇంట్లో ఇన్సులిన్ ఫ్రిజ్‌లో కూరగాయల వెనకాల ఉంటుంది. హాస్టల్లో నేను బాత్రూంలోకి వెళ్ళి ఇంజెక్షన్ చేసుకునేదాన్ని.

ప్రయాణానికి మాత్రం పక్కాగా తయారయ్యాను. ఇంజనీరింగ్ చదువుతున్నాం కదా, ఒక్క బ్యాటరీ పెట్టుకుని ప్రాజెక్ట్ డెమోకి వెళ్ళం. కావలసినదానికి రెట్టింపు ఇన్సులిన్ పెన్నులు, సూదులు, రెండు గ్లూకోమీటర్లు తీసుకున్నాను. మొత్తం చేతి సంచిలోనే. పెద్ద సూట్‌కేస్‌లో పెడితే అది పోయినా, కింద సామాన్ల అరలో చలికి మందు గడ్డకట్టినా కథ ముగిసినట్టే. తెరవని ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడుతున్న పెన్ను మామూలు గది వేడిలో దాదాపు 28 రోజులు ఆగుతుంది. డాక్టరు రాసిన ఉత్తరం, ప్రిస్క్రిప్షన్ పైన పెట్టుకుంటే సెక్యూరిటీ దగ్గర రెండు నిమిషాల పని. విమానంలో భోజనం ట్రే ముందుకొచ్చాకే ఇన్సులిన్ వేసుకోవాలి, ఎందుకంటే కుదుపులొస్తే వడ్డన ఆగిపోతుంది.

ఇంకో రెండు విషయాలు కూడా ముందే తెలుసుకున్నాను. మన దేశంలో సిరంజితో వాడే ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. బయట దేశాల్లో దొరికేవి ఎక్కువగా 100 యూనిట్లవి. ఇక్కడి సిరంజితో అక్కడి మందు ఎక్కించుకుంటే ఒంట్లోకి రెండున్నర రెట్లు వెళ్తుంది. రెండోది మీటరు. మన 100 కొన్ని దేశాల మీటర్లలో 5.6 అని కనిపిస్తుంది, వాళ్ళ కొలమానం వేరు. పరీక్షలో యూనిట్లు తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది. ఇక్కడ తప్పితే ప్రాణం మీదికొస్తుంది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకుని, అమ్మ మాట కూడా జాగ్రత్తగా పాటించాను. ల్యాబ్‌లో చెప్పలేదు. ఫ్లాట్‌లో నాతోపాటు ఉన్న ఇద్దరికీ చెప్పలేదు.

నాలుగో వారం ఆదివారం అందరం కలిసి బాస్టై కొండలెక్కడానికి వెళ్ళాం. రోజంతా నడక. నాతో ఉన్న గ్లూకోజ్ బిళ్ళలన్నీ దారిలోనే అయిపోయాయి. జర్మనీలో ఆదివారం సూపర్‌మార్కెట్లు దాదాపు అన్నీ మూసే ఉంటాయి. సోమవారం కొనుక్కుందాంలే అనుకుని పడుకున్నాను. బాగా నడిచిన రోజు షుగర్ గంటల తర్వాత కూడా పడిపోవచ్చని నాకు తెలుసు. తెలిసీ బద్ధకించాను.

రాత్రి ఒంటిగంటకి చెమటతో మెలకువ వచ్చింది. చేతులు వణుకుతున్నాయి. మీటర్లో 52. 70 కిందికి పోతేనే ప్రమాదం. అమ్మ సర్దిన ఆవకాయ, కందిపొడి, చేగోడీలు బోలెడున్నాయి. వాటిలో ఏదీ ఆ నిమిషానికి పనికిరాదు. నేను కాఫీలో కూడా చక్కెర వేసుకోను కాబట్టి నా అరలో చక్కెర లేదు. వంటగదిలో మిగతావాళ్ళ అరల ముందు నిలబడ్డాను. డబ్బాల మీద అక్షరాలు కనిపిస్తున్నాయి, బుర్రకి ఎక్కట్లేదు.

పక్క గది తలుపు మూడడుగుల దూరంలో ఉంది. ఆ తలుపు కొట్టడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. కాళ్ళు ఆడక కాదు. ఏమని చెప్పాలా అని. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు" అంటే ఏమనాలా అని. షుగర్ పడిపోతున్న మనిషి సంజాయిషీ వెతుక్కుంటూ నిలబడింది! ఇప్పుడు తలుచుకుంటే నాకు జబ్బుకన్నా ఆ ఐదు నిమిషాలే ఎక్కువ భయమేస్తాయి.

చివరికి కొట్టాను. పోలండ్ అమ్మాయి నిద్ర కళ్ళతో తలుపు తీసింది. "షుగర్... జ్యూస్" అన్నాను. గ్లాసుడు ఆపిల్ జ్యూస్ తెచ్చి తాగించింది. పదిహేను నిమిషాల తర్వాత చూస్తే 81. అప్పుడు ఆ అమ్మాయి జాలిపడలేదు, తిట్టలేదు. కాగితం, పెన్ను తెచ్చుకుని రెండే ప్రశ్నలడిగింది. "నువ్వు స్పృహ తప్పితే నేనేం చెయ్యాలి? ఏం చెయ్యకూడదు?"

మన దగ్గర నన్నెవరూ అలా అడగలేదు. "లడ్డూ తినకూడదు కదా పాపం" అన్నవాళ్ళే అందరూ. తప్పు వాళ్ళది మాత్రం ఎలా అవుతుంది? అడగడానికి నేను అవకాశం ఇస్తే కదా.

మనలో చాలామంది వచ్చే ఏడాది ఎంఎస్‌కి వెళ్తారు. అందులో ఆస్తమా ఉన్నవాళ్ళు, ఫిట్స్‌కి మందులు వాడేవాళ్ళు, థైరాయిడ్ వాళ్ళు, నాలాంటివాళ్ళు తప్పకుండా ఉంటారు. ఊరంతా దండోరా వెయ్యమని నేననను. అమ్మ భయం ఉత్తిదేం కాదు. జబ్బు పేరు చెప్పి అమ్మాయిల్ని వెనక్కి పంపే పెళ్ళిచూపులు మనందరికీ తెలిసినవే. ఎవరికి చెప్పాలో ఎంచుకునే హక్కు మనది. కానీ ముగ్గురికి మాత్రం చెప్పి తీరాలి. ఒకటి, ఒకే కప్పు కింద పడుకునే రూమ్మేట్‌కి. రెండు, చదువుకునే చోట గానీ పనిచేసే చోట గానీ బాధ్యతగల ఒక మనిషికి. మూడు, ఇన్సూరెన్స్ ఫారానికి. ముందునుంచి ఉన్న జబ్బుని అందులో దాస్తే, రేపు ఆసుపత్రి బిల్లు కట్టమని వాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ అబద్ధమే మనకి అడ్డం తిరగొచ్చు.

జబ్బు లేనివాళ్ళకీ ఒక మాట. ఫ్రెండ్ ఎవరైనా ఇలా చెప్తే సలహాలివ్వకండి, మా తాతయ్యకి కాకరకాయ రసంతో తగ్గిందనకండి. ఆ పోలండ్ అమ్మాయి అడిగిన రెండు ప్రశ్నలు అడగండి. నా విషయంలో జవాబులివీ: స్పృహలో ఉంటే జ్యూస్ గానీ చక్కెర నీళ్ళు గానీ ఇవ్వాలి. స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు, పక్కకి తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్ పిలవాలి. జర్మనీలో 112. ఇక్కడా 112 పనిచేస్తుంది. ఇన్సులిన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఎక్కించకూడదు.

తిరిగొచ్చాక మా హాస్టల్ గదిలో ముగ్గురికీ చెప్పాను. ఇప్పుడు బాత్రూంలోకి వెళ్ళట్లేదు, మంచం మీద కూర్చునే ఇంజెక్షన్ చేసుకుంటున్నాను. సంగతి తెలిసి అమ్మ వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పటికీ నేను చేసింది ఒప్పు అని ఒప్పుకోదు. కానీ మొన్న ఫోన్ చేసి, "మీ రూమ్మేట్ నంబరు ఒకసారి ఇవ్వవే" అంది.