ఒక రాత్రి – అరువది యేండ్లు

యుద్ధవీరుడు అనగానే మన విద్యార్థుల మనస్సున మెదలునవి తుపాకియు, పొగయు, జయఘోషయు. పొగ విడిన పిమ్మట ఆ వీరుడు ఇల్లు చేరి ఎట్లు బ్రతికెనో విచారించువారు అరుదు. ఇది చిన్న లోపము కాదని నా అభిప్రాయము. ఉమ్రావ్ సింగ్ జీవితమే ఇందుకు నిదర్శనము.

ఇప్పటి హర్యానాలో ఝజ్జర్ ప్రాంతమందలి పాల్రా గ్రామమున 1920లో అతడు జన్మించెను. 1939లో సైన్యమున చేరి ఫిరంగిదళమున హవల్దారు అయ్యెను. 1944 డిసెంబరు 15, 16 తేదీల నడిమి రాత్రి, బర్మాలోని కలదాన్ లోయలో, జపాను సైనికులు అతని ఫిరంగిపై పలుమారులు విరుచుకొనిపడిరి. గాయపడియు అతడు చోటు విడువలేదు. మందుగుండు అయిపోగా, ఫిరంగిని మోయుటకు వాడు ఇనుపకడ్డీని చేతబట్టి ఎదిరించెను. ఆరు గంటల తరువాత తనవారు వచ్చి చూడగా, తలపై ఏడు తీవ్రగాయములతో, గుర్తింపరాని స్థితిలో, ఫిరంగి ప్రక్కనే పడియుండెను. చుట్టును పది శత్రుశవములు. ఆ ఫిరంగి ఆనాడే మరల మ్రోగినది. అతనికి విక్టోరియా క్రాస్ లభించినది. 1983లో మన ప్రభుత్వము పద్మభూషణ్ బిరుదముతో గౌరవించినది.

వీరగాథలు సాధారణముగా ఆ రాత్రితోనే ముగియును. ఉమ్రావ్ సింగ్‌కు ఇంకను అరువది యేండ్ల జీవితము మిగిలియుండెను. సైన్యమును వీడిన పిదప స్వగ్రామమున చిన్న కమతమును సాగుచేసికొనుచు, బిడ్డలను పెంచి, సంసారము నడపెను. ఆ పతకమునకు పెద్ద మొత్తములు ఇవ్వజూపినవారు కలరు. దానిని అమ్ముట రణమున మడిసిన తోటివారిని అవమానించుటయే అని అతడు నిరాకరించెను.

1995లో, యుద్ధము ముగిసిన ఏబదియేండ్లకు, లండనులో ఉత్సవము జరిగినది. ఆహూతుల పట్టికలో పేరు లేదని ఆ వృద్ధుని ద్వారముకడనే ఆపిరి. పతకమును గుర్తించిన సేనాధికారి ఒకరు లోనికి పంపించిరి. బ్రిటిషు ప్రధాని జాన్ మేజర్‌తో అతడు ముచ్చటించినది యుద్ధమును గూర్చి కాదు. తనవంటి భారతీయ గ్రహీతలకు ఏటికి 168 పౌనులే వచ్చుచున్నవనియు, 1960 నుండి అది పెరుగలేదనియు విన్నవించెను. కొలది కాలమునకే ఆ మొత్తము 1,300 పౌనులైనది. 2005 నవంబరు 21న ఢిల్లీలో అతడు కన్నుమూసెను.

సేద్యము, సంసారము అందరికిని ఉన్నవే కదా, వానిని పొగడనేల అని కొందరు అడుగవచ్చును. అందరికిని ఉన్నవే. కాని అట్టి రాత్రిని చూచిన మనిషి మరల నాగలి పట్టుట సులభము కాదు. యుద్ధమున ఆజ్ఞ యుండును, తోడు నిలుచువారుందురు. ఇంటికడ లేమి వచ్చిన నాడు ధైర్యము చెప్పు సేనాపతి యుండడు. పతకమును అమ్మక నిలుపుకొన్న ధైర్యము, ఫిరంగిని విడువక నిలిచిన ధైర్యము ఒక్కటియే అని నేను తలంతును.

ఇట్టివారు మనకును దూరము కారు. పశ్చిమగోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము చెంత మాధవరమను గ్రామము కలదు. మొదటి ప్రపంచయుద్ధము నాటినుండియు అచటి యువకులు సైన్యమున చేరుచుండుటచే జనులు దానిని మిలిటరీ మాధవరమందురు. రెండవ ప్రపంచయుద్ధపు సైనికులు నేడు వందేండ్లకు చేరువైనవారో, దాటినవారో, మిగిలినవారు బహుకొద్దిమంది. 1965, 1971 యుద్ధములలో పోరాడినవారు మాత్రము మన వీథులలో, మన అరుగులపై ఇంకను కనిపింతురు.

ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటి. విద్యార్థిని ఒక నోటుపుస్తకముతో అట్టి తాతగారి యొద్దకు పంపుడు. యుద్ధమును గూర్చి అడిగిన చాలదు. తిరిగివచ్చిన నాడు గుమ్మమున ఎవరు నిలిచియుండిరి? మొదటి పంట ఎట్లు పండినది? బిడ్డలకు ఏ మాట చెప్పిరి, ఏ మాట దాచిరి? ఈ ప్రశ్నలకు సమాధానములు ఏ గ్రంథాలయమునను దొరకవు. తాతగారు ఉన్నప్పుడే అడుగవలెను.