బడి కట్టడానికి తల్లి కొంగున ఉన్న రూపాయే దొరికిందా?

పొయ్యి వెలగకపోతే ఆడదాన్ని అడుగుతారు. బిడ్డ బడికి పోకపోతే తల్లిని అడుగుతారు. ఇప్పుడు బడిలో మరుగుదొడ్డి కంపు కొడితే దానికీ తల్లినే డబ్బులు అడుగుతున్నారు. కానీ ఆ బడి ఎక్కడ కట్టాలి, ఎన్ని గదులు కట్టాలి, ఏది ముందు కట్టాలి అన్న ప్రశ్న వచ్చేసరికి తల్లి ఎవరికీ గుర్తుకు రాదు. నెల్లూరు సముద్రతీరంలో మహిళా సంఘం పనిమీద తిరిగే నాకు పాళెం పాళెంలోనూ కనిపిస్తున్నది ఇదే.

ముందు చట్టం ఏమంటున్నదో చూద్దాం. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లో ఉంది. టీచరుకో గది, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరు మరుగుదొడ్లు, మంచినీళ్ళు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ గోడ ప్రతి బడికీ ఉండాలని ఆ చట్టమే చెప్పింది. ఇవి కల్పించే బాధ్యత ప్రభుత్వానిదని, ఖర్చు కేంద్ర రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి భరించాలని కూడా చెప్పింది. తల్లులు చందాలు వేసుకోవాలని ఎక్కడా లేదు.

మరి జరిగిందేమిటి? 2020లో మొదలైన అమ్మ ఒడి పథకం కింద బిడ్డను బడికి పంపే తల్లికి ఏడాదికి 15,000 రూపాయలు ఇస్తామన్నారు. 2021 జనవరి 11న రెండో విడతను మా నెల్లూరులోనే ఆర్భాటంగా ప్రారంభించారు. ఆ విడతలోనే మరుగుదొడ్ల నిర్వహణ నిధి పేరుతో వెయ్యి రూపాయలు కోశారు. 2022లో బడి నిర్వహణ అంటూ మరో వెయ్యి కోశారు. తల్లి చేతికి వచ్చింది 13,000. 2024లో ప్రభుత్వం మారింది. 2025 జూన్‌లో పథకం 'తల్లికి వందనం' అయింది. ఇంట్లో చదువుకునే బిడ్డలందరికీ ఇచ్చారు, మంచిదే. కోత మాత్రం అలాగే ఉంది. 2,000 పక్కన పెట్టి 13,000 వేశారు. ఒకరు చేసింది ఇంకొకరు రద్దు చేయడమే రాజకీయంగా మారిన రాష్ట్రంలో, తల్లి డబ్బు కోసుకోవడంలో మాత్రం ఇద్దరికీ పేచీ లేదు.

"ప్రభుత్వం ఇచ్చిన డబ్బులోనే కదమ్మా రెండు వేలు తీసుకున్నది, దానికింత గొడవా?" అని అడిగే పెద్దలున్నారు. వాళ్ళకు నా జవాబు ఒకటే. ఇది ప్రభుత్వం జేబులోది కాదు, మాదే. 2004 నుంచి 2015 దాకా ఎక్సైజు సుంకం మీద కేంద్రం విద్యా సెస్సు వసూలు చేసింది. సబ్బుబిళ్ళ కొన్న కూలీ స్త్రీ కూడా ఆ సెస్సు కట్టింది. అంటే బడి కోసం ఆమె ముందే చెల్లించింది. పైగా మరుగుదొడ్డి బాగుంచడం తల్లి బాధ్యత అయితే, రేపు పంచాయతీ ఆఫీసు ఊడ్పించడానికి ఎవరి ఖాతాలో కోస్తారు? ఆ నిధి మొదలైనప్పుడు మరుగుదొడ్లు కడిగే ఆయాకు నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు 6,000 రూపాయలు. మా వైపు ఆ పనిలో ఉన్నది ఎక్కువగా దళిత స్త్రీలు, యానాది స్త్రీలు. ఒక పేద స్త్రీ ఖాతాలో కోసి ఇంకో పేద స్త్రీకి కూలీ కూడా గిట్టని జీతం ఇచ్చి, దానికి తల్లుల భాగస్వామ్యమని పేరు పెట్టారు!

ఇంకో సంగతి నెల్లూరు స్త్రీలు మరిచిపోలేరు. 1991లో ఈ జిల్లాలో అక్షరజ్యోతి రాత్రి బడులు నడిచాయి. వాటికి భవనాల్లేవు. అరుగుల మీదా చెట్ల కిందా కూర్చుని స్త్రీలు చదువుకున్నారు. 1992లో దూబగుంట స్త్రీలు సారా మీద లేచారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సారా ఆదాయం పోతే అభివృద్ధి ఎట్లా అని ఆనాడు పాలకులు గగ్గోలు పెట్టారు. 2021లో ఏం చేశారో చూడండి. మద్యం అమ్మే బెవరేజెస్ కార్పొరేషన్‌కే అమ్మ ఒడి వంటి పథకాల బాధ్యత అప్పగిస్తూ చట్టం సవరించారు. అంటే మొగుడు తాగితే పెళ్ళానికి డబ్బు, ఆ డబ్బులో కోస్తే బిడ్డకు మరుగుదొడ్డి. ఏ జిల్లా స్త్రీలు సారా పోగొట్టారో ఆ జిల్లా బిడ్డల బడికి సీసా లెక్క కట్టడం కంటే అవమానం ఏముంటుంది?

డబ్బు సంగతి ఇట్లా ఉంటే ప్లాను సంగతి ఇంకోలా ఉంది. 2019 నవంబరు 14న మన బడి నాడు-నేడు మొదలైంది. మొదటి విడతలో 15,715 బడులు బాగుచేశారు. చాలాచోట్ల నీళ్ళొచ్చే మరుగుదొడ్లు, బెంచీలు, ఫ్యాన్లు వచ్చాయి. ఆడపిల్లలకు అదెంత ఊరటో నాకు తెలుసు కాబట్టి దాన్ని తక్కువ చేయను. పనులు తల్లిదండ్రుల కమిటీల పేరుతోనే జరిగాయి. అయితే బెంచీలు, ఫ్యాన్లు, రంగులు పైనుంచి టెండర్లలో కొన్నారు. డిజైను పైనుంచి వచ్చింది. కమిటీలో ఉన్న తల్లికి మిగిలింది సంతకం. రెండో విడత వచ్చేసరికి బిల్లులు రాక ఎన్నో బడుల్లో గదులు సగంలో ఆగాయి. ఈ తీరంలోనే పిల్లర్ల దగ్గర ఆగిన గదులు చూశాను. ఉప్పుగాలికి ఇనుప కమ్మీలు తుప్పుపట్టి పొరలు పొరలుగా రాలుతున్నాయి. రేపు వాటి మీదే స్లాబు వేస్తారా? ఆ స్లాబు కింద ఎవరి బిడ్డను కూర్చోబెడతారు?

ఒక పాళెంలో కొత్త గదుల కోసం కొలతలకు వచ్చినవాళ్ళతో తల్లులు మాట్లాడుతుంటే నేనూ ఉన్నాను. వాళ్ళు అడిగినవి నాలుగే. పునాది ఎత్తు పెంచండి, డాబా మీదికి వెడల్పాటి మెట్లు పెట్టండి, గాలివాన వస్తే మేం పోయేది బడికే అన్నారు. బోరు నీళ్ళు ఉప్పు, చుట్టూ రొయ్యల గుంటలు, కాబట్టి ముందు మంచినీళ్ళ పైపు వేసి తర్వాత మరుగుదొడ్డి కట్టండి అన్నారు. ఆ మరుగుదొడ్డి తలుపు సరుగుడు తోట వైపు కాకుండా తరగతి గదుల వైపు ఉండాలన్నారు. అంగన్‌వాడీ కూడా ఇదే ఆవరణలో కట్టమన్నారు. "తెల్లారకముందే మేం చేపల పాటకు పోతాం సారూ. చంటిబిడ్డను యాడ పెట్టేది? పెద్దపిల్ల చంకనెత్తుకోని ఇంట్లోనే ఉండిపోతాంది" అన్నది ఒకామె. వచ్చిన జవాబేమిటంటే, "ఇది స్టాండర్డ్ డిజైనమ్మా, మీకు తెలీదు."

ఎవరికి తెలియదు? 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను ఈ స్త్రీలు చూశారు. 2015 నవంబరు వరదలు చూశారు. నీళ్ళు ఏ వైపు నుంచి వస్తాయో, ఏ దారిలో ఆడపిల్ల ఒంటరిగా నడవలేదో వీళ్ళకు తెలుసు. పెద్దమనిషైన పిల్ల నెలకు నాలుగు రోజులు బడి ఎందుకు మానేస్తుందో తెలుసు. యానాది కాలనీ బిడ్డ బడిదాకా వచ్చి ఎందుకు వెనక్కి తిరుగుతాడో తెలుసు. డ్రాయింగు గీయడం ఇంజనీరు పని. అందులో ఏముండాలో చెప్పడం తల్లుల హక్కు. ఇది నా కోరిక కాదు, చట్టమే. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తం మీద సగం మంది స్త్రీలు ఉండాలి. ఆ కమిటీ రాసే బడి అభివృద్ధి ప్రణాళికే ప్రభుత్వం ఇచ్చే నిధులకు ఆధారం కావాలి. మన ఊళ్ళో ఆ ప్రణాళిక ఎవరు రాశారో కమిటీలో ఉన్న తల్లిని అడిగి చూడండి.

ఇక కంపెనీల దానం గురించి. పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం అంటున్నది. ఓడరేవులు, కరెంటు ఫ్యాక్టరీలు వచ్చిన ఈ తీరంలో బడి గది అడిగితే "కంపెనీవాళ్ళను అడగండి" అనే నాయకులు తయారయ్యారు. కంపెనీ కడితే కట్టనివ్వండి. కానీ దానం ఇచ్చేవాడి ఇష్టం మీద ఉంటుంది. హక్కు అట్లా ఉండదు. భూములూ వేటా పోగొట్టుకున్న జనం, బిడ్డల బడి కోసం అదే గేటు ముందు అర్జీ పట్టుకుని నిలబడాలా?

దూరం సంగతీ ఉంది. 2022లో జీవో 117 పేరుతో 3, 4, 5 తరగతులను హైస్కూళ్ళకు తరలించారు. 2025లో దాన్ని రద్దు చేశారు. ఈ మూడేళ్ళలో లారీల రోడ్డు దాటలేక మానేసిన ఆడపిల్లను ఏ జీవో వెనక్కి తెస్తుంది? బడిని కలపడం, విడదీయడం అనే నిర్ణయం కూడా తల్లుల ఒప్పుకోలు లేకుండా జరగకూడదు.

కాబట్టి మనం అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం.

1. తల్లుల ఖాతాల నుంచి బడి పేరుతో కోసే 2,000 ఆపాలి. మరుగుదొడ్ల నిర్వహణకు బడ్జెట్‌లో విడిగా డబ్బు పెట్టాలి. ఆయాలకు కనీస వేతనం ఇవ్వాలి.

2. సగంలో ఆగిన ప్రతి గదినీ పరీక్షించి, తుప్పుపట్టిన కమ్మీలు తీసేసి, గడువు చెప్పి పూర్తిచేయాలి.

3. కొత్త బడి స్థలం, ప్లాను, అంచనా తెలుగులో రాసి బడి గోడ మీద పెట్టాలి. కమిటీలోని స్త్రీలు ఒప్పుకోకుండా పని మొదలుపెట్టకూడదు.

4. తీరంలో ప్రతి కొత్త బడీ తుఫాను షెల్టరుగా పనికొచ్చేలా ఉండాలి. అంగన్‌వాడీ, మంచినీళ్ళు దానితోపాటే రావాలి.

ఈ అర్జీ పట్టుకుని వెళితే "డబ్బుల్లేవు" అంటారు. శంకుస్థాపన శిలాఫలకాలకు, గోడల మీద నాయకుల బొమ్మలకు ఎప్పుడూ లేని కొరత గదుల దగ్గరికే ఎందుకొస్తుందో మనం గట్టిగా అడగాలి. ఒక్కరం అడిగితే విసుక్కుంటారు. పాళెం అంతా కదిలి అడిగితే ఏమవుతుందో ఈ జిల్లా ఒకసారి చూపించింది. ఈ మూడు నెలల్లో ప్రతి గ్రామంలో మన సంఘం చేయవలసిన మొదటి పని, కమిటీలో ఉన్న తల్లులను కూర్చోబెట్టి ఆ ప్రణాళిక వాళ్ళ చేతనే రాయించడం. ఇకనుంచి సంతకం పెట్టేముందు కాగితం చదువుదాం.