బండి బ్యాటరీకీ ఒక పాస్‌బుక్కు

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే మన ధర్మపురి తెలుగువాళ్లలో రెండు మూడు కుటుంబాలు కలిసి వ్యాను మాట్లాడుకోవడం మామూలే. తిరుపతి, కాళహస్తి, కాణిపాకం, వీలుంటే బంధువుల ఊళ్లు. ఈమధ్య సీట్లు వాల్చి, పరుపులు వేసుకుని, బండినే ఇల్లు చేసుకుని తిరిగేవాళ్లూ ఎక్కువయ్యారు. 2021లో కేరళ ప్రభుత్వం కారవాన్ యాత్రల కోసం ప్రత్యేక విధానమే ప్రకటించింది. ముచ్చటే! కానీ ఇల్లన్నాక కరెంటు కావాలి. దాని లెక్క తెలియక కిందటి వేసవిలో నేను పడ్డ పాట్లు ముందు చెబుతాను.

మా అమ్మకు ఆయాసం. నెబ్యులైజర్ వెంట ఉండాల్సిందే. నేను ఒక ఇన్వర్టర్ కొని, బండి బ్యాటరీకి తగిలించి, "ఇంక భయం లేదమ్మా" అన్నాను. చిత్తూరు దాటాక ఒక పెట్రోలు బంకు పక్కన రాత్రికి ఆగాం. ఆరు ఫోన్లు, రెండు టేబుల్ ఫ్యాన్లు, మా అబ్బాయి ల్యాప్‌టాప్, అన్నీ దానికే. తెల్లవారుజామున మూడింటికి అమ్మకు ఊపిరి అందలేదు. మిషను పెడితే రెండు నిమిషాలు తిరిగింది. ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోయింది. డ్రైవరు తాళం తిప్పితే టక్కుమన్న చప్పుడు తప్ప ఇంజను కదల్లేదు.

పక్కనే లారీ ఉంది. దాని బ్యాటరీ నుంచి వైరు లాగుదామన్నాను. "వద్దు సార్, దానికి 24 వోల్టులు, మనకి 12. ఉన్నది కూడా కాలిపోతుంది" అన్నాడు డ్రైవరు. చేతి ఇన్‌హేలర్‌తో అమ్మను ఎలాగో నిలబెట్టుకున్నాం. ఒక గంట తరవాత కారులో వచ్చిన ఓ కుటుంబం కేబుళ్లు ఇచ్చి మా బండిని లేపింది. ఆ గంట నేను మరచిపోలేను.

ఇంటికొచ్చాక కాగితం, పెన్సిలు తీసుకున్నాను. ముప్పై ఏళ్లుగా జనం ఖాతాలు చూస్తున్నవాణ్ణి, ఈ ఖాతా చూడలేదు! 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ బ్యాటరీలో నిల్వ 1200 వాట్-గంటలు, అదీ కొత్తదై నిండుగా ఉంటే. ఇక ఖర్చు చూడండి. ఒక్కో ఫోనుకు సుమారు 25 చొప్పున ఆరింటికి 150. 50 వాట్ల ఫ్యాన్లు రెండు ఆరు గంటలు తిరిగితే 600. ల్యాప్‌టాప్‌కు 60. మొత్తం 810. ఇన్వర్టర్ తన కమీషన్‌గా నూటికి పదిహేను దాకా మింగుతుంది కనుక బ్యాటరీ నుంచి పోయింది 950. పాతబడిన బ్యాటరీలో ఇంకేం మిగులుతుంది? పైగా చాలా ఇన్వర్టర్లు పదిన్నర వోల్టుల దగ్గర గానీ ఆగవు. అప్పటికి ఇంజను లేపే శక్తి ఉండదు.

అసలు తప్పు మరొకటి. బండి బ్యాటరీ ఇంజనును లేపడానికి కొన్ని క్షణాలు పెద్ద కరెంటు ఇచ్చేందుకు చేసింది. రాత్రంతా కొంచెం కొంచెంగా వాడుకోవడానికి కాదు. దాన్ని ముట్టకూడదు. ఇంటి ఖర్చుకు రెండో బ్యాటరీ, బండి నడిచేటప్పుడు దాన్ని నింపే ఛార్జరు, బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు పెట్టించుకోవాలి. పని తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి. అది లెడ్-యాసిడ్ రకమైతే సగానికి మించి తీయకండి. అంటే 1200లో 600 మన సొమ్ము, మిగతాది మినిమమ్ బ్యాలెన్స్.

ఆ 600లో సర్దుకోవడం కష్టమేమీ కాదు. ఫోన్లకు ఇన్వర్టర్ అక్కర్లేదు, 12 వోల్టుల సాకెట్‌లో పెట్టే ఛార్జరు చాలు. ఫ్యాన్లు కూడా 12 వోల్టులవే, 15 వాట్లవి కొంటే ఆరు గంటలకు రెండూ కలిసి 180. అమ్మ మిషను 100 వాట్లది. పావుగంట చొప్పున మూడుసార్లు పెట్టినా, ఇన్వర్టర్ కమీషన్‌తో సహా 90. ఫోన్లతో కలిపి 420. ఎలక్ట్రిక్ కెటిల్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి. 1500 వాట్లంటే 12 వోల్టుల దగ్గర 125 ఆంపియర్లు! వేడినీళ్లకు ఫ్లాస్కే మేలు.

మరొక్క మాట, ఇది ప్రాణాల మాట. ఏసీ కోసం జనరేటరో, ఇంజనో నడుపుతూ మూసిన బండిలో పడుకోవద్దు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డుపక్క ఆపిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయారు. జనరేటరు నుంచి లోపలికి చేరిన కార్బన్ మోనాక్సైడే కారణమని నిపుణులు తేల్చారు. ఆ వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు.

ఈ ఏడు మళ్లీ యాత్ర అనగానే అమ్మ వెనకాడుతుందనుకున్నాను. "వస్తాన్రా, కానీ నా మిషను కరెంటు ముందు పక్కన పెట్టి, తరవాతే మీ ఫోన్లు" అంది. అందుకే డాక్టరుగారిని అడిగి, సొంత బ్యాటరీతో నడిచే చిన్న నెబ్యులైజర్ కూడా ఒకటి కొన్నాం. దాని ఛార్జింగు చూసే పూచీ మనవడిది.

మీరూ బయలుదేరే ముందు ఒక కాగితం మీద జమ, ఖర్చు రాసి చూసుకోండి. మీ ప్రయాణాల్లో ఎదురైన అనుభవాలుంటే రాసి పంపండి, వచ్చే సంచికలో కలిసి చెప్పుకుందాం.