చెప్పుకోలేని బాధకు చెప్పుకుంటేనే మందు

ఈ వారం పచ్చళ్ళు, పొడుల సంగతి పక్కన పెట్టి, పడకగది తలుపు దాటి బయటికి రాని ఒక సంగతి రాస్తున్నాను. పెళ్ళయిన ఆడవాళ్ళలో చాలామందికి ఈ బాధ తెలుసు, దాని పేరే తెలియదు. భర్త దగ్గరికి వచ్చిన కాసేపటికే, ఆయన వద్దనుకున్నా ఆగకుండా వీర్యం పడిపోతుంది. దీన్నే డాక్టర్లు శీఘ్ర స్ఖలనం అంటారు. ఆయన సిగ్గుతో అటు తిరిగి పడుకుంటాడు. ఈమె 'నేను నచ్చలేదేమో' అని కుమిలిపోతుంది. ఆయన మనసులో 'నాకు మగతనం లేదేమో' అని భయం. ఇద్దరూ నోరు విప్పరు. ఏళ్ళు గడిచిపోతాయి.

అసలు ఎంతసేపుంటే మామూలు? ఫోన్లలో వచ్చే వీడియోలు చూసి అరగంట, గంట అనుకునే మగవాళ్ళు ఉన్నారు. అది నిజం కాదు. 2005లో అచ్చయిన ఒక పరిశోధనలో 5 దేశాల్లో సుమారు 500 జంటలకు స్టాప్‌వాచీ ఇచ్చి లెక్క చూసినారు. సగం మందికి 5.4 నిమిషాల లోపలే అయిపోయింది. కాబట్టి నాలుగైదు నిమిషాలుంటే అది జబ్బు కాదు. మొదటి నుంచీ ఎప్పుడూ నిమిషం లోపలే అయిపోవడం, లేదా ముందు బాగుండి తర్వాత మూడు నిమిషాల లోపలికి తగ్గిపోవడం, ఆపుకోవడం చేతకాకపోవడం, దానివల్ల మనసు బాధపడడం, ఇవన్నీ కలిస్తేనే డాక్టర్లు సమస్య అంటారు. కొత్తగా పెళ్ళయినప్పుడు, కువైట్ నుంచి రెండేళ్ళకొకసారి ఇంటికొచ్చిన మనిషికి మొదటి నాలుగు రోజులు తొందరగా అయిపోతే అది సహజం. కంగారు పడాల్సిన పనిలేదు.

కారణాలు ఒకటి కాదు. కొందరికి ఒంటి తత్వమే అంత. మెదడులో సెరటోనిన్ అనే పదార్థం పనిచేసే తీరుకు దీనికి సంబంధం ఉందంటారు. ఇంకొందరికి భయం, అప్పుల దిగులు, పక్క గదిలో పెద్దవాళ్ళు మేలుకుని ఉంటారన్న తొందర. నడివయసులో కొత్తగా మొదలైతే థైరాయిడ్, ప్రోస్టేట్ గ్రంథి వాపు ఉన్నాయేమో చూపించుకోవాలి. షుగర్ వల్ల అంగం గట్టిపడడం తగ్గినవాళ్ళు, ఎక్కడ మెత్తబడిపోతుందో అని తొందరపడతారు. అప్పుడు ముందు షుగర్ సంగతి చూసుకోవాలి. చిన్నతనంలో హస్తప్రయోగం చేసుకున్నందుకు ఇట్లా అయిందనేది, ధాతువు పోయి నరాలు చచ్చుబడినాయనేది మాత్రం ఉత్త మాటలు.

ఈ ఉత్త మాటల మీదే కొందరు వ్యాపారం చేస్తున్నారు. గోడల మీద రాతలు, లాడ్జి గదిలో ఫలానా రోజు దొరుకుతామని కరపత్రాలు మీరూ చూసే ఉంటారు. పడక సుఖం పెంచుతామని మందులకు ప్రకటనలు ఇవ్వడం 1954లో వచ్చిన చట్టం ప్రకారమే నేరం. పేరు లేని పొడులకు వేలకు వేలు పోసి, మెడలో గొలుసు కుదువ పెట్టుకునే దాకా తెచ్చుకోవద్దండి. ఇట్లాంటి ప్రశ్నలకు విజయవాడ డాక్టరు సమరం గారు స్వాతి వారపత్రికలో ఏళ్ళ తరబడి జవాబులు రాసినారు. అడగడం తప్పు కాదని మన తెలుగు ఇళ్ళకు అలవాటు చేసినవాళ్ళలో ఆయన ఒకరు.

ఇంట్లో చేయగలిగింది చాలా ఉంది. పాలు పొంగుకొచ్చేటప్పుడు మనం మంట తగ్గిస్తాం, దిగినాక మళ్ళీ పెంచుతాం. 1956లో జేమ్స్ సీమన్స్ అనే డాక్టరు చెప్పిన పద్ధతీ అంతే. ఇంక ఆగదనిపించే ముందే ఆపేయాలి. ఆ ఉద్రేకం తగ్గినాక మళ్ళీ మొదలుపెట్టాలి. ఇట్లా రెండు మూడుసార్లు ఆపి, ఆ తర్వాత వదిలేయవచ్చు. ముందు చేత్తో అలవాటు చేసుకుని, తర్వాత కలయికలో పాటించాలి. కొన్ని వారాలు ఓపిక పడితేగానీ గుణం కనపడదు. మూత్రం ఆపుకునే కండరాలను బిగించి వదిలే వ్యాయామం రోజూ చేసినా కొందరికి పట్టు వస్తుంది. నిరోధ్ వాడితే స్పర్శ కొంచెం తగ్గి, సమయం పెరుగుతుంది.

మందులూ ఉన్నాయి. డాపోక్సిటిన్ మాత్ర కలయికకు ఒకటి నుంచి మూడు గంటల ముందు వేసుకోవాలి. కానీ అది డాక్టరు రాసిస్తేనే. వికారం, తల తిరగడం ఉండొచ్చు. మందు తాగి వేసుకుంటే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. గుండె జబ్బున్నవాళ్ళు ముందే చెప్పాలి. పైన చల్లుకునే తిమ్మిరి మందులు కూడా ఉన్నాయి గానీ, సరిగా వాడకపోతే మనకూ తిమ్మిరెక్కుతుంది.

"ఇంకా పిల్లల్లేరేమే?" అని అత్తగారు అడుగుతా ఉంటే భయపడే కోడళ్ళకు ఒక మాట. వీర్యం లోపల పడుతుంటే గర్భం రావడానికి ఇది అడ్డు కాదు. ప్రతిసారీ బయటే పడిపోతుంటే మాత్రం ఇద్దరూ కలిసి డాక్టరుకు చెప్పాలి.

చివరికి మన వంతు. ఆ సమయంలో నిట్టూర్చడం, ఎగతాళి చేయడం, కోపంలో పదిమందిలో ఎత్తిపొడవడం చేస్తే ఆయన భయం రెట్టింపవుతుంది, సమస్యా పెరుగుతుంది. అట్లాగని మన కోరిక దాచుకుని ఊరుకోమని నేను చెప్పను. తృప్తి పడే హక్కు ఆడవాళ్ళకూ ఉంది. అది కలయికతోనే రావాలని లేదు, చేతి స్పర్శ, ముద్దు మురిపాలతో కూడా వస్తుంది. పడక మీద కాకుండా, పిల్లలు బడికి పోయినాక తీరిగ్గా కూర్చున్నప్పుడు, "ఏమండీ, ఇది జబ్బేమో, ఇద్దరం పోయి చూపించుకుందాం" అనండి. 'మీ వల్ల' అనకుండా 'ఇద్దరం' అంటే చాలు, సగం బరువు దిగుతుంది.

తిరుపతిలో రుయా, స్విమ్స్ ఉన్నాయి. చిత్తూరు వైపు వాళ్ళకు వేలూరు సి.ఎం.సి. దగ్గర. యూరాలజీ డాక్టరునైనా, మానసిక వైద్యుణ్ణైనా అడగవచ్చు. మానసిక వైద్యుడి దగ్గరికి పోతే పిచ్చి అని కాదు. లాడ్జి మెట్లెక్కే ముందు ఒక్కసారి ఆసుపత్రిలో ఓ.పి. చీటీ తీసుకోండి.