రొమ్ము బాధ చెప్పుకోవడానికి ఒక గది కావాలి

కృష్ణా జిల్లా దివిసీమలో పాము కరిస్తే ఏం చేయాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 2018 వానాకాలంలో పాముకాటు కేసులు వరసగా వచ్చి ఈ ప్రాంతం పేరు రాష్ట్రమంతా మోగినప్పుడు మోపిదేవిలో యాగం చేశారు, అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రిలో ఇంజక్షన్లూ వేశారు. జనం దేవుడికి దణ్ణం పెట్టుకుంటూనే కాటు పడ్డ మనిషిని బండెక్కించి ఆసుపత్రికి తెచ్చారు. ఆలస్యమైతే ప్రాణం పోతుందన్న సంగతి ఇక్కడ ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేదు.

అదే ఇంట్లో ఆడమనిషికి రొమ్ములో గోలీకాయంత గడ్డ చేతికి తగిలితే మాత్రం ఆ మాట గడప దాటడానికి నెలలు పడుతుంది. ముందు తనలో తనే దాచుకుంటుంది. తర్వాత అక్కకో వదినకో చెబుతుంది. వాళ్లు పసుపో, ఆముదమో రాయమంటారు. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు మగవాడు కాబట్టి రవిక విప్పి చూపించడానికి మనసొప్పదు, ఆయనా చూడకుండానే మాత్రలిచ్చి పంపిస్తాడు. కూతురి పెళ్లి అయ్యాక చూసుకుందాం, కోతలు అయ్యాక వెళ్దాం, రొయ్యల చెరువు పట్టుబడి అయ్యాక చూద్దాం అంటూ రోజులు గడుస్తాయి. దేశంలో రొమ్ము క్యాన్సర్ రోగుల్లో పెద్ద భాగం జబ్బు ముదిరాకే పెద్దాసుపత్రి మెట్లెక్కడానికి ఈ మౌనం ఒక ముఖ్య కారణం.

ఇందులో బాధ పెట్టే విషయం ఏమిటంటే, రొమ్ముకి వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి క్యాన్సర్‌తో సంబంధమే లేదు. వాటిలో ఎక్కువ భాగం సులువుగా నయమయ్యేవి, కొన్నిటికి అసలు మందే అక్కర్లేదు. వివరంగా చెప్పే మనిషి లేక, చిన్న బాధతో పెద్ద భయం పెట్టుకుని బతికేవాళ్లు ఒకవైపు, పెద్ద జబ్బును చిన్నదనుకుని ఊరుకునేవాళ్లు మరోవైపు ఉన్నారు.

బాలింతల సంగతే తీసుకుందాం. తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చిన అమ్మాయికి మూడో రోజుకే చనుమొనలు పగిలి, బిడ్డ నోరు పెట్టగానే ప్రాణం పోయినంత పని అవుతుంది. పాలు చాలడం లేదని డబ్బాపాలు మొదలుపెడతారు. నిజానికి తప్పు చాలాసార్లు పాలలో ఉండదు, బిడ్డ పట్టుకునే తీరులో ఉంటుంది. బిడ్డ మొన ఒక్కదాన్నే పట్టి చీకితే అది నలిగి పగులుతుంది. నోరు బాగా తెరిచి, మొన చుట్టూ ఉన్న నల్లటి వలయాన్ని కూడా చాలావరకు నోట్లోకి తీసుకోవాలి. గడ్డం రొమ్ముకి ఆనాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. పక్కన కూర్చుని ఒక్క పూట సరిచేసి చూపించే మనిషి ఉంటే సగం నొప్పి అక్కడే తగ్గుతుంది. పట్టడం అయ్యాక నాలుగు చుక్కల పాలు పిండి మొనకే రాసి ఆరనివ్వాలి. సబ్బుతో పదేపదే కడిగితే చర్మం ఎండి పగుళ్లు పెరుగుతాయి.

పాలు చేపి బయటికి పోకపోతే రొమ్ము బిగుసుకుంటుంది. ఒకచోట ఎర్రబడి, కాలిపోతూ, చలిజ్వరం వచ్చిందంటే అది వాపు. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు వెంటనే పాలు మాన్పించేస్తారు, బిడ్డకు చెడు చేస్తుందని భయం. చెడు చేయదు. పాలివ్వడం ఒక్కసారిగా ఆపేస్తేనే లోపల పాలు నిలిచి చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. జ్వరం ఒకరోజులో తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి, పాలిచ్చే తల్లులు వేసుకోదగ్గ యాంటీబయాటిక్స్ ఉన్నాయి. చీము పట్టినా ప్రతిసారీ కోత పెట్టక్కర్లేదు. స్కానింగులో చూసుకుంటూ సూదితో చీము లాగేసే పద్ధతి ఇప్పుడు మామూలైంది. మందులు వాడినా, కోత పెట్టినా మళ్లీమళ్లీ చీము పట్టే గడ్డ అయితే అందులోంచి ముక్క తీసి పరీక్ష చేయించాలి. మన దేశంలో రొమ్ముకి క్షయ కూడా వస్తుంది.

ఇంటి వైద్యమంతా మూఢనమ్మకం అనుకోవడం కూడా పొరపాటే. పాలు ఆపాలంటే రొమ్ములకు మల్లెపూల దండ కట్టడం దక్షిణాదిలో పాత అలవాటు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు దాన్ని 60 మంది బాలింతల మీద పరీక్షించి 1988లో ఫలితాలు ప్రచురించారు. ఒక జట్టుకు పూలు కట్టారు, ఇంకో జట్టుకు అప్పట్లో పాలు ఆపడానికి వాడే బ్రోమోక్రిప్టిన్ మాత్రలు ఇచ్చారు. రక్తంలో పాల హార్మోను మాత్రలతోనే ఎక్కువ తగ్గింది గానీ, రొమ్ము బిగువు, పాల ఉత్పత్తి తగ్గడంలో పూలు మాత్రలకు తీసిపోలేదు. అంటే అమ్మమ్మల చేతిలో పని చేసే విద్యలు కొన్ని ఉన్నాయి. పరీక్షకు నిలిచినదాన్ని గౌరవించాలి, నిలవనిదాన్ని వదిలేయాలి.

వదిలేయాల్సింది ఒకటి పల్లెల్లో ఇంకా కనిపిస్తుంది. పుట్టిన నాలుగైదు రోజులకు పసిబిడ్డ రొమ్ములు, ఆడైనా మగైనా, కాస్త ఉబ్బుతాయి. ఒక్కోసారి పాలచుక్క కూడా వస్తుంది. కడుపులో ఉండగా తల్లి హార్మోన్లు బిడ్డకు చేరినందువల్ల వచ్చే వాపది, కొన్ని వారాల్లో దానంతట అదే పోతుంది. స్నానం పోసే ముసలమ్మ మాత్రం నూనె రాసి దాన్ని గట్టిగా పిండుతుంది. ఆ లేత చర్మం దెబ్బతిని లోపలికి సూక్ష్మజీవులు దిగితే చీముగడ్డ అవుతుంది. ఆడపిల్లకైతే పెద్దయ్యాక ఎదగాల్సిన రొమ్ము మొగ్గే పాడయ్యే ప్రమాదం ఉంది. ముసలమ్మను నొప్పించకుండానే ఆ చేయి ఆపించే బాధ్యత తల్లిదండ్రులది.

చనుమొన లోపలికి ఉన్నవాళ్ల బాధ మరో రకం. పుట్టుకతోనే అలా ఉంటే అది జబ్బు కాదు, కానీ బిడ్డకు అందక ఇద్దరూ ఏడుస్తారు. దీనికి కర్ణాటకలోని దావణగెరెలో పిల్లల డాక్టరు నిర్మలా కేసరి, ఆమె సహచరులు చాలా చవకైన ఉపాయం కనిపెట్టి 1993లో ప్రచురించారు. మెడికల్ షాపులో దొరికే ప్లాస్టిక్ సిరంజి తీసుకుని, సూది తగిలించే కొసను బ్లేడుతో కోసేస్తారు. లోపలి కాడను బయటికి తీసి, ఆ కోసిన వైపు నుంచి మళ్లీ దూరుస్తారు. నున్నగా ఉండే రెండో వైపును మొన మీద పెట్టి కాడను మెల్లగా వెనక్కి లాగితే మొన బయటికి వస్తుంది. పాలు పట్టే ముందు అర నిమిషమో నిమిషమో ఇలా చేస్తే చాలు. కొన్ని రూపాయల ఖర్చుతో ఎందరో తల్లులు డబ్బాపాల అవసరం లేకుండా బయటపడ్డారు. ప్రతి ఏఎన్ఎం సంచిలో ఇలాంటి సిరంజి ఒకటి ఎందుకు ఉండకూడదు?

పుట్టుకతో లోపలికి ఉండటం వేరు, నలభై ఏళ్లు మామూలుగా ఉన్న మొన ఒకవైపే కొత్తగా లోపలికి లాక్కుపోవడం వేరు. రెండోదాన్ని ఆ వారమే డాక్టరుకు చూపించాలి.

పాలివ్వని మనిషికి రెండు మొనల నుంచీ పాలలాంటి ద్రవం వస్తుంటే ముందు మాత్రల డబ్బా చూడాలి. కడుపుబ్బరానికీ వాంతికీ జనం చీటీ లేకుండా కొనుక్కునే గ్యాస్ మాత్రల్లో కొన్నిటిలో డాంపెరిడోన్, లెవోసల్పిరైడ్ అనే మందులు ఉంటాయి. అవి పాల హార్మోనును పెంచుతాయి. థైరాయిడ్ తేడా ఉన్నా ఇలా జరగొచ్చు. ఒక్క మొన నుంచే, ఒక్క రంధ్రం నుంచే, పిండకుండానే నీళ్లలాగానో రక్తంతోనో కారుతుంటే అది వేరే లెక్క. అదీ ఎక్కువసార్లు పాలనాళంలో మొలిచిన చిన్న కాయ వల్లే వస్తుంది గానీ, క్యాన్సర్ కాదని తేల్చుకోవాల్సింది డాక్టరే.

నెలసరికి ముందు రెండు రొమ్ములూ బరువెక్కి సలపడం చాలామందికి ఉండేదే. నొప్పి ఒక్కటే ఉండి గడ్డ లేకపోతే అది క్యాన్సర్ కావడం అరుదు. సరిపడే లోదుస్తులు వేసుకుంటే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. కాలేజీ వయసు పిల్లలకు చేతికింద జారుతూ తగిలే నున్నటి గడ్డలు ఎక్కువగా ఫైబ్రోఎడినోమాలు, ప్రాణాంతకం కావు. భయపడాల్సింది నొప్పి లేని గట్టి గడ్డకు. నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే మన ఆడవాళ్ల ప్రాణాల మీదికి తెస్తోంది.

మొన మీద పొక్కు సంగతి కూడా చెప్పాలి. 1874లో లండన్ వైద్యుడు జేమ్స్ పేజెట్ గమనించిన జబ్బు ఒకటి ఆయన పేరుతోనే ఉంది. చూడటానికి అచ్చం తామరలా ఉంటుంది. ఒక్క మొన మీదే మొదలై చుట్టూ వలయానికి పాకుతుంది, పొట్టు రాలుతుంది, దురద పెడుతుంది. లోపల మాత్రం క్యాన్సర్ ఉంటుంది. మెడికల్ షాపులో ఇచ్చిన స్టెరాయిడ్ పూత రాస్తే కొన్నాళ్లు తగ్గినట్టు కనిపించి నెలలు వృథా అవుతాయి. రెండు మూడు వారాల్లో మానని పుండుకు పూత మార్చడం కాదు, చిన్న ముక్క తీసి పరీక్ష చేయించడం పని. సూది గుచ్చితే, ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న మాట ఊళ్లలో బాగా నాటుకుపోయింది. అది నిజం కాదు.

మగవాళ్లు ఇది తమకు పట్టని సంగతి అనుకోవద్దు. రొమ్ము క్యాన్సర్ కేసుల్లో నూటికి ఒకటి లోపే అయినా వాళ్లకూ వస్తుంది, సిగ్గుతో వాళ్లు ఇంకా ఆలస్యం చేస్తారు.

అంతర్జాతీయ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది, దాదాపు 98,000 మంది చనిపోయారు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇక్కడ సగటున పదేళ్లు ముందే వస్తోంది. చదువుకున్న ఇళ్లనూ అది వదలదు. హైదరాబాద్‌లో స్త్రీల వైద్య నిపుణురాలు డాక్టర్ ఉషాలక్ష్మీ కుమారికి 2002లో ఈ జబ్బు వచ్చింది. కొడుకు డాక్టర్ రఘురాం ఇంగ్లండ్ వదిలి వచ్చి 2007లో ఆమె పేరుతోనే రొమ్ము వ్యాధుల కేంద్రం, ఫౌండేషన్ మొదలుపెట్టారు. క్యాన్సర్ ఆసుపత్రుల చరిత్రలో ఈ కృష్ణా జిల్లాకు కూడా చోటుంది. నిమ్మకూరులో పుట్టిన ఎన్టీ రామారావు క్యాన్సర్‌తో పోయిన భార్య బసవతారకం పేరిట తలపెట్టిన ఆసుపత్రి 2000లో హైదరాబాద్‌లో మొదలైంది. అమెరికాలో పేరు తెచ్చుకున్న క్యాన్సర్ వైద్యుడు నోరి దత్తాత్రేయుడు మంటాడ బిడ్డ. ఇంతటి జిల్లాలో సముద్రపు ఒడ్డున ఉన్న ఆడమనిషికి రొమ్ము చూపించుకునే చోటు దగ్గర్లో లేకపోవడం బాధాకరం.

మామోగ్రామ్ యంత్రం ప్రతి మండలానికీ రాదు, రావాల్సిన పని కూడా లేదు. శిక్షణ పొందిన చేతివేళ్లు చాలావరకు పని చేస్తాయి. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి 1,51,538 మంది పేద స్త్రీల మీద ఇరవై ఏళ్లు నడిపిన అధ్యయనం 2021లో వెలువడింది. అక్కడ డాక్టర్లు కాదు, శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలే రెండేళ్లకోసారి చేత్తో తడిమి పరీక్ష చేశారు. జబ్బు ముందుగా బయటపడింది, యాభై దాటిన స్త్రీలలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్నవాళ్లలో అంత తేడా రాలేదన్నదీ అదే అధ్యయనం చెప్పింది. రఘురాం బృందం కూడా 2012 నుంచి 2016 వరకు, ముందు ఉమ్మడి రాష్ట్రంలోనూ, విభజన తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆశా, ఏఎన్ఎంలకు ఇదే నేర్పి వేల గ్రామాల్లో పరీక్షలు చేయించింది.

కాబట్టి కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. ముప్పై దాటిన ప్రతి స్త్రీకి ఐదేళ్లకోసారి రొమ్ము పరీక్ష చేయాలని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. రాష్ట్రం 2024 నవంబరులో ఇంటింటి క్యాన్సర్ సర్వే మొదలుపెట్టింది. గుమ్మంలో నిలబడి, అత్తగారి ఎదుట, “గడ్డలేమైనా ఉన్నాయా అమ్మా” అని అడిగి ట్యాబ్‌లో లేదని నొక్కితే అది పరీక్ష అనిపించుకోదు. తలుపు మూసిన గది, ఒక మంచం, ఒక ఆడమనిషి, పది నిమిషాల తీరిక ఉండాలి. అనుమానం వస్తే వారంలోపు అవనిగడ్డలో స్కానింగు జరగాలి. 2023లో మెడికల్ కాలేజీ వచ్చిన మచిలీపట్నంలో సూది పరీక్ష ఫలితం చేతికందాలి. చికిత్సకు ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది. ఈ గొలుసులో కొక్కేలన్నీ ఉన్నాయి, ఒకదానికొకటి తగిలించే పనే మిగిలింది.

మాఘ పౌర్ణమికి హంసలదీవిలో వేణుగోపాల స్వామి కల్యాణానికీ, సాగర సంగమ స్నానానికీ వేల మంది ఆడవాళ్లు వస్తారు. బట్టలు మార్చుకునే గదులు కట్టే అధికారులు వాటి పక్కనే ఇంకో గది కట్టి, ఇద్దరు మహిళా వైద్యులను, నలుగురు శిక్షణ పొందిన ఏఎన్ఎంలను కూర్చోబెట్టాలి. జిల్లా వైద్యాధికారి, దేవస్థానం, కోడూరు మండల పరిషత్తు కలిస్తే ఇది ఒక్క సమావేశంలో తేలిపోయే పని. ఈలోగా ఇది చదువుతున్న ఆడవాళ్లెవరికైనా కొత్త గడ్డ, ఒకవైపే కారే ద్రవం, మానని పొక్కు, లోపలికి లాగిన మొన, నారింజ తొక్కలా గుంటలు పడ్డ చర్మం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వచ్చే సోమవారం దాకా కూడా ఆగకుండా దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. మగవాళ్లు ఆ రోజు కూలి పోయినా సరే, ఇంటి మనిషిని వెంటబెట్టుకుని తీసుకెళ్లండి.