దుప్పటి కప్పుటకు ముందు

శీతకాలము వచ్చినంతనే, కాలిబాటలపై నిద్రించువారికి దుప్పట్లు కప్పుచున్న యువకుల ఛాయాచిత్రములు పత్రికలలో కనబడును. చూచువారి మనస్సు కరగును. కాని ఎవరెచ్చట పరుండుదురో నాలుగు రాత్రులు ముందుగా తిరిగి తెలిసికొన్నవారెవరో ఆ చిత్రములు చెప్పవు. సేవలో ముప్పాతిక పాలు ఆ తిరుగుటలోనే కలదు.

2011 జనాభా లెక్కలలో మన దేశమున ఇల్లు లేనివారు సుమారు 17.7 లక్షల మంది యని తేలినది. గణకులు వారిని ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి లెక్కించిరి. పగలు చెదరియుండువారు రాత్రికి గదా ఒకచోట చేరుట! వంతెనల క్రింద, రైలుస్టేషనుల వెలుపల, గుడిమెట్లపై వారుండు తావులను ముందుగనే గుర్తింపవలసి వచ్చినది. లెక్కించుటకే అంత సన్నాహము కావలసినపుడు, అన్నము పెట్టుటకు వలదా?

ఆకలిగొన్నవాడు కాచుకొనియుండునా, ఇంత ఆలోచన యేల యని కొందఱందురు. ఆకలి కాచుకొనదు. కనుకనే ఆలోచన ముందుగా జరుగవలెను. మధ్యాహ్నము కలిపిన పెరుగన్నము రాత్రికి పులియును, పులిహోర నిలుచును. పండ్లూడిన వృద్ధునికి చపాతీ యిచ్చిన నేమి లాభము? హైదరాబాదులో పెద్ద ఆస్పత్రుల వెలుపల పరుండువారిలో పలువురు దూరపు జిల్లాలనుండి రోగుల వెంట వచ్చిన బంధువులు. వారి యక్కఱ వేఱు. చిత్తుకాగితము లేఱుకొనువానికి దుప్పటి దొరకును గాని, పగలు దానిని దాచుకొను చోటు దొరకదు. ఇక నిద్రించు స్త్రీ ముఖముపై అపరిచితులు దీపము వేసినచో, ఆమెకు కలుగునది భయమే. ఆమెను ముందు స్త్రీలే పలుకరింపవలెను. లక్ష జనాభాకొక వసతిగృహము చొప్పున నగరములలో ఏర్పఱుపవలెనని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించినది. సమీపమున అట్టిది ఎచ్చట కలదో, అందు స్త్రీలకు చోటున్నదో లేదో ముందే విచారింపనివాడు ఎవరికిని దారి చూపజాలడు.

కోనసీమలోని లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు వేళగాని వేళ వచ్చిన బాటసారులకు అన్నము పెట్టిరని లోకము కొనియాడును. ఆ వేళకు బియ్యము, వంటచెఱకు, చింతపండు ఇంట సిద్ధముగా నుండుట యెట్లు సంభవించెనో తలచువారరుదు.

ఛాయాచిత్రము తీసినవారు వెళ్ళిపోయిన పిమ్మట గుండిగలు తోముటకు ఇద్దఱు ముగ్గురు మిగులుదురు. వారిలో నొకరు చేతులు తుడుచుకొని, లెక్కపుస్తకము తెఱచి, "వంతెన క్రింది ముసలమ్మ నేడు కనబడలేదు" అని వ్రాసి, మఱునాడు ఆమెను వెదుకవలసిన చోట్లను దాని క్రింద చేర్చును.